షటిల్ ఆడుకుంట పడిపోయిన తమ్ముడు, రిపోర్టుల "కణాల మధ్య అతుకు లోపం" అట. ఇదేం జబ్బు? ఇంట్ల అందరం టెస్ట్ చేయించుకోవాల్నా?

సైదాబాద్_శీను
మా తమ్మునికి 26 ఏండ్లు. సిగరెట్ లేదు, మందు లేదు, పొద్దున గ్రౌండ్ల రన్నింగు, సాయంత్రం షటిల్. పోయిన నెల డబుల్స్ ఆడుకుంటనే కుప్పకూలిండు. పక్క కోర్టుల ఆడేటాయన సీపీఆర్ చేసిండు, ఆస్పత్రి దగ్గర్ల ఉండె కాబట్టి షాక్ ఇచ్చి మనిషిని వాపస్ తెచ్చిన్రు. యాంజియో క్లీన్, ఒక్క బ్లాక్ లేదు. తర్వాత ఎంఆర్ఐ తీసి గుండెల కుడి కింది గది పెద్దగయింది, ఏఆర్‌వీసీ అన్నరు, కుడి గది కండ చెడి గుండె లయ తప్పే జబ్బట. లయ తప్పితే లోపల్నుంచే షాక్ ఇచ్చే మిషన్, ఐసీడీ, ఛాతిల పెట్టిన్రు. జీన్ టెస్టుకు రక్తం పంపితే మొన్న రిపోర్టు వచ్చింది. పీకేపీ2 అనే జీన్ల మార్పు, లైక్లీ పాథోజెనిక్, అంటే జబ్బు తెచ్చే మార్పే అయ్యుండొచ్చు అని రాసున్నది. డాక్టర్ సాబ్‌ని అడిగితే "గుండె కండ కణాలు ఒకదానికొకటి అతుక్కునే కాడ లోపం, ఇంట్ల అందరు చూపించుకోండి" అని రెండు ముక్కలు చెప్పి తర్వాతి పేషెంటును పిలిచిండు. బయట యాబై మంది కూసున్నరు, ఆయన్ని అనేది లేదు గని మాకు మాత్రం ఏం సమజ్ కాలే. అమ్మ దిష్టి అంటది, మేనమామ జిమ్ పౌడర్ అంటడు, వాట్సాప్‌ల ఇంకోటి అంటున్నరు. నాన్నకు 58, ఇప్పటిదాంక జ్వరం తప్ప ఏం రాలే. అసలు కణాలు అతుక్కోవుడేంది? అది ఊడితే గుండె ఎట్ల ఆగుతది? ఎవరికన్న తెలిస్తే జర ఓపికతోని చెప్పున్రి.

బోడుప్పల్_భాస్కర్
అన్నా, తమ్ముడు బతికిండు, అదే పెద్దది. సీపీఆర్ చేసినాయనకు దండం పెట్టాలె.

వనస్థలిపురం_వాణి
ఆ వయసు పిల్లాడికి... చదువుతుంటేనే కడుపులో తిప్పినట్టయింది. తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

సైదాబాద్_శీను
ఇంటికొచ్చిండు అక్కా. తింటుండు, మాట్లాడుతుండు. రాత్రి మాత్రం నిద్రపోతలేడు, పండుకుంటే మళ్ళ లేస్తనో లేదో అని.

ఓయూ_బయోకెమ్
నేను పీహెచ్‌డీ చేస్తున్నది సెల్ బయాలజీలోనే కాబట్టి మొదటి ప్రశ్నకి నేను చెప్తా, ట్రీట్‌మెంట్ సంగతి డాక్టర్లు ఎవరైనా చూసుకోండి.

గుండె కండలో ఒక్కో కణం సుమారు 100 మైక్రాన్ల పొడవుంటుంది, అంటే మిల్లీమీటర్లో పదో వంతు. ఇవి చివరకి చివర ఆనుకుని వరసగా ఉంటాయి. ఆ ఆనుకునే చోటు పేరు ఇంటర్‌కేలేటెడ్ డిస్క్. మైక్రోస్కోపులో చూస్తే కండకి అడ్డంగా మెట్లు మెట్లుగా ముదురు గీతల్లా కనిపిస్తాయి. రోజుకి లక్ష సార్లు గుండె కొట్టుకుంటుంది కదా, కొట్టుకున్న ప్రతిసారీ ఈ కణాలు ఒకదాన్నొకటి లాగుతాయి. లాగినా ఊడకుండా పట్టుకోవడం ఒక పని, కరెంటు ఒక కణం నుంచి పక్క కణానికి వెళ్ళేలా చూడటం ఇంకో పని. రెండూ ఆ డిస్క్‌లోనే జరుగుతాయి.

పట్టుకునే పని ముఖ్యంగా డెస్మోజోములది. రెండు కణాల నుంచి డెస్మోగ్లీన్2, డెస్మోకాలిన్2 అనే ప్రోటీన్లు బయటికొచ్చి మధ్యలో కలుసుకుంటాయి. లోపలి వైపు వాటిని ప్లాకోగ్లోబిన్, ప్లాకోఫిలిన్2 పట్టుకుంటాయి, వాటిని డెస్మోప్లాకిన్ పట్టుకుంటుంది, డెస్మోప్లాకిన్ వెళ్ళి కణం లోపలుండే డెస్మిన్ పోగులకి కట్టేసుకుంటుంది. మీ తమ్ముడి రిపోర్టులో ఉన్న పీకేపీ2 జీన్ తయారుచేసేది ఈ ప్లాకోఫిలిన్2నే. పక్కనే అడెరెన్స్ జంక్షన్లని ఇంకో రకం ఉంటాయి, అవి ఎన్-క్యాడెరిన్‌తో పట్టుకుని కండని ముడిచే యాక్టిన్ పోగులకి తగులుకుంటాయి. ఇక కరెంటు పని గ్యాప్ జంక్షన్లది. కనెక్సిన్ 43 అనే ప్రోటీన్ ఆరు కలిస్తే సగం గొట్టం, పక్క కణంలోని ఇంకో ఆరు వచ్చి ఎదురుగా కలిస్తే పూర్తి గొట్టం, అందులోంచి అయాన్లు నేరుగా అటు నుంచి ఇటు పోతాయి.

కాజీపేట_ప్యాసింజర్
రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాణ్ని, నాకర్థమైంది చెప్తా సరిచూడమ్మా. ఎంఎంటీఎస్ బండిలో రెండు బోగీల మధ్య కప్లింగ్ ఉంటది, అది లాగే బలాన్ని మోస్తది. దాని పక్కనే కరెంటు కేబుల్ ఒక బోగీ నుంచి ఇంకో బోగీకి పోతది. డెస్మోజోము అంటే కప్లింగ్, గ్యాప్ జంక్షన్ అంటే కేబుల్. అంతేనా?

ఓయూ_బయోకెమ్
చాలా వరకు అంతే బాబాయ్. ఒక్క తేడా ఉంది, ఈ జబ్బు గుట్టంతా ఆ తేడాలోనే. బండిలో కప్లింగ్ వదులైనా కేబుల్ కేబుల్‌గానే ఉంటుంది. గుండెలో అలా కాదు, డెస్మోజోము బలహీనపడితే దాని పక్కనున్న గ్యాప్ జంక్షన్లు కూడా తగ్గిపోతాయి. అంతేకాదు సోడియం ఛానెల్, అదే కణంలో కరెంటు మొదలుపెట్టే గేటు, దాంట్లో ఎక్కువ భాగం ఈ డిస్క్ దగ్గరే గుమిగూడి ఉంటుంది, పీకేపీ2 తగ్గితే ఆ సోడియం కరెంటు కూడా తగ్గుతుందని ల్యాబుల్లో చూశారు. అందుకే కొంతమందికి కండ ఇంకా బాగానే కనిపిస్తున్నప్పుడే లయ తప్పుతుంది, ఎకోలో ఏమీ ఉండదు, మనిషి మాత్రం పడిపోతాడు.

సైదాబాద్_శీను
ఆఁ ఇప్పుడు సమజయింది. తమ్ముడు రెండేండ్ల కింద కూడ ఒకసారి కండ్లు తిరిగి పడ్డడు, అప్పుడు ఎకో నార్మల్ అని పంపిచ్చిన్రు.

చిక్కడపల్లి_మాస్టారు
ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పాను కాబట్టి పాత కథ కొంచెం చెప్తాను, విసుగనుకోకండి. గుండె కండంతా గోడల్లేని ఒకటే పెద్ద కణం అని చాలాకాలం నమ్మారు, ఎందుకంటే ఒక చోట ముట్టుకుంటే మొత్తం ముడుచుకుంటుంది కదా. కానీ 1875లోనే ఎంగెల్మాన్ అనే జర్మన్ ఫిజియాలజిస్టు గుండె కండకి ఒక చోట గాయం చేసి చూస్తే ఆ దెబ్బ తిన్న కణాలు చచ్చాయి, పక్కవి కాసేపటికి మామూలుగా పనిచేశాయి. ఒకటే కణమైతే మొత్తం చావాలి కదా. కణాలు కలిసి బతుకుతాయి, చచ్చేటప్పుడు మాత్రం విడివిడిగా చస్తాయి అన్నాడాయన. గోడలున్నాయని కళ్ళారా చూడ్డానికి 1954 దాకా ఆగాల్సొచ్చింది, స్వీడన్‌లో ష్యోస్ట్రాండ్, ఆండర్సన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి ఆ అడ్డగీతలు రెండు కణాల పొరలే అని చూపించారు. చచ్చే కణంలోకి కాల్షియం పోటెత్తుతుంది, ఆమ్లం పెరుగుతుంది, దాంతో గ్యాప్ జంక్షన్ల గొట్టాలు మూసుకుపోతాయి, పక్క కణం బతికిపోతుంది. నాకిది ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యమే.

కాజీపేట_ప్యాసింజర్
మాస్టారూ, ఇంటర్లో మీలాంటోళ్ళు ఈ పాఠం చెప్పుంటే నేను ఎంపీసీ వదిలేసి బైపీసీలో కూర్చునేవాణ్ని.

బోడుప్పల్_భాస్కర్
నాదొక డౌటు. మన హబ్సిగూడ సీసీఎంబీ ల్యాబోళ్ళు గుండె జబ్బు జీన్ కనిపెట్టిన్రు, మనోళ్ళల్ల నూటికి నలుగురికి ఉంటది అని అప్పట్ల పేపర్ల చదివిన. శీనన్న తమ్మునిది అదేనా? ఇంకోటి, కరోనా టీకా వల్ల అంటున్నరు గదా అందరు.

ఓయూ_బయోకెమ్
అది వేరు. 2009లో వచ్చింది ఆ పేపరు, సీసీఎంబీ తంగరాజ్ గారి టీమ్ అందులో ఉంది. ఎంవైబీపీసీ3 అనే జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోవడం, దక్షిణాసియా వాళ్ళలో సుమారు 4 శాతం మందికి ఉంటుంది. ఆ ప్రోటీన్ కణం లోపల ముడుచుకునే యంత్రంలో ఉంటుంది, కణాల మధ్య అతుకులో కాదు. శీను గారి తమ్ముడిది అతుకు జీన్.

టీకా గురించి: పీకేపీ2 మార్పు అమ్మ కడుపులో పడ్డప్పుడే ఉంది. టీకా జీన్ అక్షరాలు మార్చదు. అరుదుగా గుండె వాపు వచ్చింది ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో, మన దగ్గర దాదాపు అందరం వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్, అవి ఎంఆర్‌ఎన్‌ఏ కావు. దయచేసి ఆ వాట్సాప్ మెసేజీ ఈ ఇంటి వాళ్ళకి ఎవరూ పంపకండి, వాళ్ళ అమ్మానాన్నా "మేమే వేయించాం కదా" అని కుమిలిపోతారు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
కార్డియాలజీ రెసిడెంట్‌ని. శీను గారూ, మీ ఇంట్లో ఎవరెవరు చూపించుకోవాలో ముందు అది చెప్తా, మిగతావి తర్వాత.

ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పీకేపీ2 మార్పు ఎక్కువగా ఒక్క కాపీలో ఉన్నా జబ్బు తెచ్చే రకం. అంటే అమ్మకో నాన్నకో ఉండే ఛాన్స్ ఎక్కువ, వాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికి సగం సగం ఛాన్స్. అందుకని అమ్మ, నాన్న, మీరు, ఇంకా తోబుట్టువులుంటే వాళ్ళు, అందరూ. తమ్ముడిలో దొరికిన ఆ ఒక్క మార్పు మీలో ఉందా లేదా అని చూస్తే చాలు, అన్ని జీన్లూ చూసే మొత్తం ప్యానెల్ మళ్ళీ చేయక్కర్లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. లేకపోతే మీకూ మీ పిల్లలకీ ఈ భయం పోయినట్టే. ఉంటే జబ్బు ఉన్నట్టు కాదు, జీన్ ఉన్న వాళ్ళలో చాలామందికి ఎప్పటికీ ఏమీ రాదు, కానీ క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి. నాన్నకి 58 వచ్చినా ఏమీ లేదు కాబట్టి ఆయనకి జీన్ లేదని అనుకోవద్దు, ఒకే ఇంట్లో ఒకే మార్పు తండ్రిని వదిలేసి కొడుకుని పడగొట్టడం మేం చూస్తూనే ఉంటాం.

జీన్ రిజల్టు వచ్చేదాకా ఆగొద్దు. ఈసీజీ, ఎకో, 24 గంటల హోల్టర్ (రోజంతా ఒంటికి పెట్టి గుండె లయ రాసుకునే మిషన్) ఇప్పుడే చేయించండి. ఎంఆర్ఐ అవసరమా కాదా మీ డాక్టరు చెప్తారు. ఆ రిపోర్టు పట్టుకుని ఒకసారి మెడికల్ జెనెటిక్స్ వాళ్ళ దగ్గర కూర్చోండి, నిమ్స్‌లో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థలో జీన్ టెస్టులు చేస్తారు. ఇంటి చెట్టు గీయించుకోండి, తాతల తరంలో నిద్రలోనో పొలంలోనో హఠాత్తుగా పోయిన వాళ్ళుంటే తప్పకుండా చెప్పండి.

సైదాబాద్_శీను
సార్... నాన్న వాళ్ళ చిన్నతమ్ముడు, మా చిన్నబాపు, 31 ఏండ్లకే పోయిండు. ఈతకు పోయి బాయిల మునిగిండు అని చెప్తరు. మంచిగ ఈతొచ్చిన మనిషి. ఇంట్ల ఆ మాట ఎవరు ఎత్తరు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఇది చాలా ముఖ్యమైన సంగతి. మీ డాక్టరుకి ఇదే మాట చెప్పండి. ఈతొచ్చిన కుర్రాడు మునిగిపోవడం అంటే మాకు ముందు గుండె లయే గుర్తొస్తుంది.

ఈసీజీ_రజిత
టెక్నీషియన్‌ని, పదేళ్ళుగా ఇదే పని. ఈసీజీకి వెళ్ళినప్పుడు "మా తమ్మునికి ఏఆర్‌వీసీ ఉంది" అని తీసేవాళ్ళకి ముందే చెప్పండి. ఈ జబ్బులో వీ1, వీ2, వీ3 అనే ఛాతీ స్టిక్కర్ల గీతల్లో టీ వేవ్, అంటే ప్రతి బీటు చివర వచ్చే అల, తిరగబడి ఉంటుంది. అదే వీ1 వీ2 స్టిక్కర్లు ఒక పక్కటెముక పైకి అంటిస్తే ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి కూడా తిరగబడినట్టు రావచ్చు, హడావుడిలో ఇది జరుగుతూనే ఉంటుంది. పక్కటెముకల మధ్య నాలుగో ఖాళీలో పెట్టాలి. ముందే చెప్తే మేము కూడా ఇంకాస్త చూసి పెడతాం. పిల్లల్లో ఆ టీ వేవులు తిరగబడి ఉండటం మామూలే, పధ్నాలుగేళ్ళ లోపు వాళ్ళ ఈసీజీ చూసి ఎవరూ గాభరా పడకండి.

వనస్థలిపురం_వాణి
మాది మేనరికం పెళ్ళి. అమ్మమ్మ వైపు ఒక పిల్లాడు ఇలాగే పోయాడు, మేనరికం వల్లే అని అందరూ మా వాళ్ళని ఆడిపోసుకున్నారు. శీను గారింట్లో వచ్చింది కూడా మేనరికం వల్లా?

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఒక్క కాపీతోనే వచ్చే రకానికి మేనరికంతో పని లేదు వాణి గారూ, ఏ పెళ్ళిలోనైనా సగం ఛాన్సే. మేనరికం లెక్కలోకి వచ్చేది రెండు కాపీలూ చెడితే వచ్చే రకానికి. అమ్మానాన్నా ఇద్దరికీ ఒక్కో కాపీ చెడి ఉండి వాళ్ళకేమీ ఉండదు, పిల్లల్లో ఒక్కొక్కరికి నాలుగో వంతు ఛాన్స్. దగ్గర సంబంధాల్లో ఒకే తాత నుంచి వచ్చిన ఒకే మార్పు ఇద్దరికీ ఉండొచ్చు కదా, అందుకు. మీ అమ్మమ్మ వైపు పిల్లాడికి ఏమైందో నాకు తెలీదు, ఎవరినీ నిందించే ముందు ఒకసారి మీ వాళ్ళ ఈసీజీలు తీయించండి.

మియాపూర్_అమ్మ
రెండు కాపీల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా అక్క కూతురికి చిన్నప్పటి నుంచి అరచేతులూ అరికాళ్ళూ మందంగా గట్టిపడి ఉంటాయి, జుట్టు ఉంగరాలు ఉంగరాలు, దువ్వెన దిగదు. స్కిన్ డాక్టరు ఆయింట్‌మెంట్ ఇస్తూ ఉంటాడు. పందొమ్మిదేళ్ళకి ఛాతీ నొప్పితో పడిపోతే, గుండె కండ దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ పెరిగింది, మయోకార్డైటిస్, అంటే గుండె కండ వాపు అన్నారు, తగ్గింది. ఏడాదికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే అన్నారు. మూడోసారి వేరే చోట ఒక మేడమ్ చేతులు పట్టుకుని చూసి, అరికాళ్ళు చూపించమంది, చూసి జీన్ టెస్టు రాసింది. డీఎస్‌పీ అని వచ్చింది, ఇక్కడ చెప్పిన ఆ డెస్మోప్లాకిన్ జీనే. చర్మానికీ గుండెకీ సంబంధం ఉంటుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. మా అక్క అయితే ఆయింట్‌మెంట్లకే ఇన్నేళ్ళు తిరిగామే అని ఒకటే ఏడుపు.

చిక్కడపల్లి_మాస్టారు
ఆ మేడమ్ గొప్ప డాక్టరమ్మా. చర్మంలో పై పొర కణాలు కూడా డెస్మోజోములతోనే పట్టుకుని ఉంటాయి, బాగా ఒరిపిడి పడేది అరచేయి, అరికాలు. బాగా లాగుడు పడేది గుండె. అందుకే ఒకే ప్రోటీన్ చెడితే రెండు చోట్లా బయటపడుతుంది.

గ్రీసులో నాక్సోస్ అని ఒక దీవి ఉంది. అక్కడ ప్రోటోనోటారియోస్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1986లో రాశారు, ఆ దీవిలో కొన్ని కుటుంబాల్లో ఉన్ని లాంటి జుట్టు, మందమైన అరికాళ్ళు ఉన్న పిల్లలకి పెద్దయ్యాక గుండె లయ తప్పుతోందని. 2000లో తేలింది, ప్లాకోగ్లోబిన్ జీన్‌లో రెండంటే రెండు అక్షరాలు లేవు. అదే సంవత్సరం ఈక్వెడార్ కుటుంబాల్లో డెస్మోప్లాకిన్ బయటపడింది, వాళ్ళ గురించి 1998లో రాసింది కార్వాహాల్ అనే చర్మం డాక్టరు. పెద్ద ఆస్పత్రుల్లో దొరకని ఆధారం మారుమూల దీవిలో పిల్లల పాదాలు చూసినవాళ్ళకి దొరికింది. ఆ దారి పట్టుకునే మిగతా అతుకు జీన్లు వెతికారు, 2004లో 120 మంది పేషెంట్లలో 32 మందికి పీకేపీ2 మార్పు కనిపించింది. శీనూ, మీ తమ్ముడి జీన్ కథ అక్కడి నుంచి మొదలు.

నైట్‌డ్యూటీ_డాక్టర్
మియాపూర్ అమ్మగారూ, మీరు చెప్పింది డీఎస్‌పీలో బాగా తెలిసిన తీరు. వాపు వచ్చినట్టు నొప్పి, ట్రోపోనిన్ పెరగడం, రక్తనాళాలు క్లీన్, మళ్ళీ మళ్ళీ రావడం. అది ఎక్కువగా ఎడమ గదిని పట్టుకుంటుంది, పీకేపీ2 ఎక్కువగా కుడి గదిని. రెండు మూడు సార్లు మయోకార్డైటిస్ అని రాసిన చీటీలు ఎవరింట్లో ఉన్నా జీన్ టెస్టు గురించి అడగండి.

బోడుప్పల్_భాస్కర్
నేను ఇప్పుడే నా అరికాళ్ళు చూసుకున్న, మా ఆవిడవి కూడ చూసిన. ఏం చేస్తున్నవ్ అని అడుగుతుంటే ఈ థ్రెడ్ చూపించిన, ఆమె కూడ చదువుతుంది.

ఈసీజీ_రజిత
భాస్కర్ అన్నా, వదినకి నా నమస్తే చెప్పు 😀 అరికాళ్ళు మందంగా ఉన్న అందరికీ గుండె జబ్బు ఉండదు, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకి మామూలే. పుట్టుకతో ఉంటే, ఇంట్లో ఇంకొకరికి ఉంటే, కళ్ళు తిరిగి పడటం కూడా ఉంటే అప్పుడు చూపించుకోవాలి.

నెక్లెస్‌రోడ్_రన్నర్
అంతా బాగుంది కానీ నాకొక ఇబ్బందిగా ఉంది. ఇలాంటి పోస్టు వచ్చిన ప్రతిసారీ జనం పరుగే మానేస్తారు. మన ఊళ్ళో షుగరూ బీపీతో పోయేవాళ్ళు ఎంతమంది, ఇలా పోయేవాళ్ళు ఎంతమంది? పొద్దున ట్యాంక్‌బండ్ మీద కొత్తగా వచ్చిన నలుగురు కుర్రాళ్ళు గత నెల వీడియో ఏదో చూసి ఆగిపోయారు. వ్యాయామం గుండెకి మందు. మీ తమ్ముడికి జీన్ ఉంది సరే, కానీ ఆటే పడగొట్టింది అంటే నేనొప్పుకోను.

నైట్‌డ్యూటీ_డాక్టర్
రన్నర్ గారూ, మామూలు మనిషికి మీరన్నది అక్షరాలా నిజం, ఎవరూ పరుగు ఆపొద్దు. ఈ అతుకు జీన్ ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. 2013లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు డెస్మోజోము జీన్ మార్పున్న 87 మందిని చూశారు. పరుగు, సైక్లింగ్ లాంటి ఎండ్యూరెన్స్ ఆటలు ఆడినవాళ్ళకి జబ్బు చిన్న వయసులోనే బయటపడింది, ప్రమాదకరమైన లయలు, హార్ట్ ఫెయిల్యూర్ కూడా వాళ్ళకే ఎక్కువ. అంతకుముందు 2006లో ఎలుకల్లో ప్లాకోగ్లోబిన్ సగం తగ్గించి ఈత కొట్టిస్తే కుడి గది త్వరగా పెద్దదైంది. కారణం అర్థమవుతూనే ఉంది కదా. గట్టిగా పరుగెత్తేటప్పుడు కుడి గది మీద ఒత్తిడి ఎడమ కంటే ఎక్కువ పాళ్ళలో పెరుగుతుంది, దాని గోడ పల్చన, అతుకులు ముందే బలహీనం. కణాలు విడిపోయి చచ్చిన చోట కొవ్వూ మచ్చ కండా చేరుతుంది, కరెంటు ఆ మచ్చ చుట్టూ తిరిగి తిరిగి వస్తే అదే వీటీ, కింది గదిలో మొదలయ్యే ప్రమాదకరమైన వేగపు లయ. పైగా ఆటలో అడ్రినలిన్.

నెక్లెస్‌రోడ్_రన్నర్
మరి ఆ జీన్ ఉన్నట్టు ముందే తెలియాలి కదా డాక్టర్. ఇటలీలో 1982 నుంచి పోటీ ఆటలు ఆడే ప్రతి ఒక్కరికీ ఈసీజీ తప్పనిసరి. అక్కడి పడువా యూనివర్సిటీ వాళ్ళ లెక్క నేను చదివాను, వెనెటో ప్రాంతంలో ఆటగాళ్ళ హఠాన్మరణాలు ఏడాదికి లక్షకి 3.6 నుంచి 0.4కి పడ్డాయి. మన దగ్గర మారథాన్ రిజిస్ట్రేషన్‌లో టీషర్ట్ సైజు అడుగుతారు, ఈసీజీ అడగరు. పరుగు మానమని చెప్పేకంటే ఇది అడగండి అందరూ.

నైట్‌డ్యూటీ_డాక్టర్
పడువా వాళ్ళకి ఆ పట్టుదల ఊరికే రాలేదు. 1988లో వాళ్ళే రాశారు, వెనెటోలో 35 ఏళ్ళ లోపు హఠాత్తుగా పోయిన 60 మంది గుండెలు తెరిచి చూస్తే 12 మందికి ఈ కుడి గది జబ్బే. అయితే ఇజ్రాయెల్ కూడా 1997 నుంచి ఈసీజీ తప్పనిసరి చేసింది, అక్కడ మరణాల్లో తేడా రాలేదని 2011లో పేపరొచ్చింది. అమెరికాలో అయితే ఇంకా తప్పనిసరి చేయలేదు. ఊరందరికీ తీయాలా అన్నది ఇంకా వాదనే. ఇంట్లో ఒకరు పడిపోయినప్పుడు మిగతావాళ్ళకి తీయాలా అన్నదాంట్లో మాత్రం ఏ దేశంలోనూ రెండో మాట లేదు.

నెక్లెస్‌రోడ్_రన్నర్
ఈసీజీ తీయడం ఎంతసేపు, ఐదు నిమిషాలు. నేను మా గ్రూపులో అడుగుతా, ఇంట్లో నలభై లోపు పోయినవాళ్ళు ఉన్నారా, పరుగులో కళ్ళు తిరిగాయా అని. ఉన్నవాళ్ళని ముందు పంపిస్తా.

ఈసీజీ_రజిత
పంపండి అన్నా. పరుగు అయిపోయాక కూర్చున్నప్పుడు తిరగడం వేరు, పరుగెత్తుతూ ఉండగానే పడిపోవడం వేరు. రెండోదాన్ని అస్సలు వదలొద్దు.

కాజీపేట_ప్యాసింజర్
నాకు యాబై రెండో ఏట అటాక్ వచ్చి స్టెంట్ వేశారు. మా ఇంట్లో జీన్ గీన్ ఏం లేదు. నా గుండెలో కూడా ఈ అతుకులు చెడతాయా?

ఓయూ_బయోకెమ్
చెడతాయి బాబాయ్, వేరే దారిలో. మామూలు గుండెలో కనెక్సిన్ 43 ఎక్కువగా కణం చివరల్లోనే ఉంటుంది, అందుకే కరెంటు నిలువుగా వేగంగా, అడ్డంగా నెమ్మదిగా పోతుంది. అటాక్ వచ్చిన చోట చుట్టూ బతికిన కణాల్లో ఈ కనెక్సిన్ చివరల నుంచి జరిగి పక్కలకి చేరుతుంది, మొత్తం కూడా తగ్గుతుంది. కరెంటు దారి వంకర పోతుంది, నెమ్మదిస్తుంది. మచ్చ ఉన్నవాళ్ళకి తర్వాత లయ తప్పడానికి ఇదొక కారణం. కనెక్సిన్ చాలా త్వరగా మారే ప్రోటీను, కొన్ని గంటల్లోనే పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. మీరు మాత్రం మందులు మానకండి, ఎకోలో పంపింగ్ ఎంతుందో ఏడాదికోసారి చూపించుకోండి.

ఫార్మా_పవన్
పీకేపీ2కి జీన్ థెరపీ వస్తోంది, ఎవరూ చెప్పలేదేంటి. మంచి పీకేపీ2 కాపీని ఏఏవీ అనే వైరస్ తొడుగులో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తారు. అమెరికాలో మూడు కంపెనీలు చేస్తున్నాయి, 2024లో మనుషులకి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎలుకల్లో అయితే ఫలితం చాలా బాగుంది. శీను గారూ ధైర్యంగా ఉండండి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
నాకూ ఆ ఆశ ఉంది పవన్ గారూ, కానీ అవి మొదటి దశ ట్రయల్స్, కొద్దిమంది పేషెంట్లు. ఎలుక గుండెకీ మనిషి గుండెకీ మధ్య చాలా మందులు ఆగిపోయాయి. ఈరోజు మన చేతిలో ఉన్నవి అడ్రినలిన్ ప్రభావం తగ్గించే బీటా బ్లాకర్ మందు, ఐసీడీ, అవసరమైతే లయ తప్పించే చోటుని కాల్చేసే అబ్లేషన్, పోటీ ఆటలు మానేయడం. చాలామంది వీటితోనే ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచుకుంటూ ఉన్నారు.

ఫార్మా_పవన్
మానేయమని నేను అనలేదు సార్. 26 ఏళ్ళ కుర్రాడు, ఇంకో పదేళ్ళకి అతనికి 36. అప్పటికి ఈ మందు వచ్చి ఉండొచ్చు, అప్పటిదాకా గుండె కండని కాపాడుకోవాలి, నేను చెప్పేది అదే.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఆ మాట నేను కూడా ఒప్పుకుంటా.

వనస్థలిపురం_వాణి
శీనూ, అమ్మగారు దిష్టి తీస్తానంటే తియ్యనివ్వు, మనసుకి నిమ్మళం. తీశాక ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి ఈసీజీ తీయించు.

సైదాబాద్_శీను
ఇన్ని దినాలు ఆస్పత్రుల చుట్టు తిరిగి రాయలేకపోయిన. అమ్మది, నాది ఈసీజీ ఎకో మంచిగనే ఉన్నయి. నాన్నది ఈసీజీ కొంచెం తేడా అన్నరు, హోల్టర్ పెడితే ఒక్క దినంల 900 పైన ఎక్స్‌ట్రా బీట్లు వచ్చినయి. ఆయనకు ఏం తెలుస్తలేదు, నేను మంచిగున్న గదరా అంటుండు. ఎంఆర్ఐ రాసిన్రు. అందరి రక్తం ఇచ్చినం, రిపోర్టు రావాలె. చిన్నబాపు సంగతి చెప్పంగనే డాక్టర్ సాబ్ కుర్చి ముందుకు జరిపి అంత రాసుకున్నడు, ఈసారి చానసేపు మాట్లాడిండు. చిన్నబాపు కొడుకు షాద్‌నగర్ల ఉంటడు, 24 ఏండ్లు, పోలీసు సెలక్షన్లకు రోజు పరిగెడుతుండు. ఆయనకు ఫోన్ చేసిన.

నైట్‌డ్యూటీ_డాక్టర్
ఒక రోజులో 500 దాటితేనే మేం దాన్ని లెక్కలోకి తీసుకుంటాం. నాన్నగారి ఎంఆర్ఐ వాయిదా వెయ్యకండి. షాద్‌నగర్ అబ్బాయి రిపోర్టులు వచ్చేదాకా పరుగు ఆపాలి, సెలక్షన్లు మళ్ళీ వస్తాయి. ఫోన్‌లో వినకపోతే వెళ్ళి చెప్పండి.

సైదాబాద్_శీను
వింటలేడు సార్, ఈవెంట్స్ దగ్గర్ల ఉన్నయి అంటుండు. ఆదివారం తమ్ముణ్ని తోలుకొని పోతున్న, ఛాతి మీద కుట్లు చూస్తే వింటడు.

నెక్లెస్‌రోడ్_రన్నర్
నేనూ వస్తా శీనూ, అభ్యంతరం లేకపోతే. పరుగెత్తేవాడి మాట పరుగెత్తేవాడు వింటాడు.

సైదాబాద్_శీను
రా అన్నా. మెసేజ్ పెడుత. ఇంకొక్కటి, తమ్ముడు సోమవారం నుంచి ఆఫీసుకు పోతడు, మెట్రోల. ఆ చెకింగ్ గేటు కాడ ఐసీడీకి ఏమన్న అయితదా?

ఈసీజీ_రజిత
ఏం కాదు. గేటులోంచి మామూలు నడకతో వెళ్ళిపోవాలి, అక్కడ ఆగి నిలబడకూడదు, ఆనుకోకూడదు. ఐసీడీ కార్డు జేబులో పెట్టుకోమనండి, సెక్యూరిటీ వాళ్ళకి చూపించి చేత్తో తడిమి చూడమని అడగొచ్చు, చేతి డిటెక్టర్ అయితే మిషన్ ఉన్న చోట పెట్టి ఉంచొద్దని చెప్పాలి. ఫోను ఎడమ పై జేబులో వద్దు, మిషన్‌కి ఒక జానెడు దూరం ఉండాలి, మాట్లాడేటప్పుడు కుడి చెవి. ఇయర్‌ఫోన్ల డబ్బాలో అయస్కాంతం ఉంటుంది, దాన్ని కూడా ప్యాంటు జేబులోనే పెట్టుకోమనండి.